ప్యాకెట్ ఫుడ్ ఓడలో పంపాలంటే: ఎల్‌సీఎలా, ఫుల్ కంటైనరా, ఇంకేమైనా దారి ఉందా?

ఫ్రిజ్ అక్కర్లేని ప్యాకెట్ ఫుడ్‌ను సముద్రం దాటించాలనుకునే వాళ్ళు ఫార్వర్డర్‌ను (రవాణా ఏర్పాట్లు చేసిపెట్టే ఏజెంటు) అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "సీబీఎంకి (క్యూబిక్ మీటరుకి) ఎంత పడుతుంది?" నేనూ మొదట్లో అదే అడిగాను. అది చివర్లో అడగాల్సిన ప్రశ్న అని తెలిసేసరికి మెత్తబడిపోయిన అట్టపెట్టెల ఫోటోలు వాట్సాప్‌లో వచ్చేశాయి. బిస్కెట్లు, పాస్తా, సీల్ చేసిన డబ్బాలు, సాస్ సీసాలు, పొడులు, ఇవన్నీ పాడవని సరుకు అనుకుంటాం కదా. లోపలి తిండి వరకు అది నిజమే. కానీ ఇనుప పెట్టెలో నెల రోజులు, ఒక్కోసారి రెండు నెలలు, ఎండలో కాగి రాత్రి చల్లబడుతూ వెళ్ళే సరుకులో ముందు దెబ్బతినేది తిండి కాదు, దాని చుట్టూ ఉన్న అట్ట, లేబుల్, మూత. వీటితో పాటు కరిగిపోయేది ఎక్స్‌పైరీకి మిగిలిన రోజులు. కొనేవాళ్ళు సరుకు వద్దనేది ఎక్కువగా వీటి వల్లే.

కాబట్టి రేట్లు పోల్చే ముందు ఒకటి తేల్చుకోండి. మీ సరుకుకి దేని భయం ఎక్కువ? చెమ్మా, వేడా, పైబరువుకి నలగడమా, ఆలస్యమా? డబ్బాలకి చెమ్మ (తుప్పు పడుతుంది, లేబుల్ ఊడుతుంది), చాక్లెట్‌కి వేడి, చిప్స్‌కి నలగడం, ఆరు నెలలే గడువున్న బేకరీ సరుక్కి ఆలస్యం. ఇది తేలాక కింద చెప్పేవాటిలో సగం నిర్ణయాలు వాటంతట అవే అయిపోతాయి.

విమానం సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. విమానంలో ఒక క్యూబిక్ మీటరు చోటు ఆక్రమించే సరుకు ఎంత తేలికైనా సుమారు 167 కిలోల కింద లెక్కకడతారు. గాలి నింపిన ప్యాకెట్లకి ఆ లెక్కలో చార్జీ కడితే మీరు పంపేది గాలే. శాంపిళ్ళు, ల్యాబ్ టెస్టుకి వెళ్ళే ప్యాకెట్లు, కొత్త కొనుగోలుదారుకి పంపే మొదటి రెండు పెట్టెలు విమానంలో పంపండి. మిగతాదంతా ఓడకే.

ఎల్‌సీఎల్ అంటే పక్కింటివాళ్ళతో ప్రయాణం

అసలు తర్జనభర్జన ఇక్కడే ఉంటుంది. ఎల్‌సీఎల్‌లో మీ సరుకు పదిమంది సరుకుతో కలిసి ఒకే కంటైనర్‌లో వెళ్తుంది, మీరు ఆక్రమించిన చోటుకే కడతారు. చార్జీ క్యూబిక్ మీటర్ల మీద, లేదా టన్నుల మీద, ఏది ఎక్కువైతే దాని మీద. సాధారణంగా కనీసం ఒక క్యూబిక్ మీటరుకి కట్టాల్సిందే. ఎఫ్‌సీఎల్‌లో, అంటే ఫుల్ కంటైనర్‌లో, పెట్టె మొత్తం మీదే, సగం ఖాళీగా వెళ్ళినా మీదే.

కాగితం మీద చూస్తే చిన్న లోడుకి ఎల్‌సీఎల్ చవక. కానీ ఆ చవకంతా ఈ ఒడ్డున కనిపించేదే. చాలామంది కన్సాలిడేటర్లు (పదిమంది సరుకు కలిపి కంటైనర్ నింపేవాళ్ళు) ఓడ చార్జీ బాగా తక్కువ చెప్తారు, కొన్ని రూట్లలో దాదాపు ఏమీ లేనట్టే చెప్తారు. అవతలి పోర్టులో గోడౌన్ చార్జీ, దింపినందుకు, విడదీసినందుకు, కాగితం ఇచ్చినందుకు అంటూ దిగుమతిదారు దగ్గర వసూలు చేసుకుంటారు. వాళ్ళ బిల్లు తడిసి మోపెడవుతుంది, ఆ కోపం మీ మీదకొస్తుంది, రెండో ఆర్డరు రాదు. అందుకే కొటేషన్ అడిగినప్పుడు డెస్టినేషన్ చార్జీలు ఒక్కో పద్దు కింద రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వడానికి నసిగితే అర్థమైపోతుంది కదా.

డబ్బు కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది చేతులు మారడం. ఎల్‌సీఎల్ సరుకు మీ గోడౌన్‌లో ఎక్కి, పోర్టు దగ్గర సీఎఫ్‌ఎస్‌లో (కంటైనర్లు నింపే, విప్పే గోడౌన్) దిగి, అక్కడ కంటైనర్‌లోకి ఎక్కి, అవతల సీఎఫ్‌ఎస్‌లో దిగి, మళ్ళీ లారీ ఎక్కుతుంది. మధ్యలో ఏదైనా హబ్ పోర్టులో విడదీసి ఇంకో కంటైనర్‌లోకి మార్చారంటే ఇంకో రెండుసార్లు. ప్రతిచోటా ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడికి మీ పెట్టెలో ఏముందో పట్టదు, చోటు కనిపిస్తే దాని మీద ఇంకొకటి పెడతాడు.

ఇక వాసన. నేను మొదటిసారి ఎల్‌సీఎల్‌లో పంపిన పొడుల పెట్టెలు చెక్కుచెదరకుండా వెళ్ళాయి, సీల్ ఊడలేదు, తడవలేదు, కానీ పెట్టె తెరిస్తే డిటర్జెంట్ వాసన. పక్కన ఎవరి సరుకు ఎక్కిందో నాకు చెప్పినవాళ్ళు లేరు, చెప్పాలన్న నియమమూ లేదు. పిండి, టీ, కొవ్వు ఎక్కువుండే చిరుతిళ్ళు వాసనని తొందరగా పట్టేస్తాయి, మామూలు ప్లాస్టిక్ కవరు దాన్ని ఆపలేదు. సబ్బులు, టైర్లు, రంగులు, సెంట్లు పక్కన కూర్చుంటే ఇంతే. పైగా ఆ పదిమందిలో ఒకరి కాగితాలు తేడాగా ఉన్నా కస్టమ్స్ వాళ్ళు కంటైనర్ మొత్తాన్ని ఆపుతారు, మీ కాగితాలు ఎంత సక్రమంగా ఉన్నా.

మరి ఎప్పుడు ఏది? పన్నెండు పదిహేను క్యూబిక్ మీటర్లు దాటితే ఇరవై అడుగుల కంటైనర్ మొత్తం తీసుకోవడమే చవక అని ఈ వ్యాపారంలో అందరూ చెప్పే లెక్క. రూటుని బట్టి, సీజన్‌ని బట్టి అది అటూ ఇటూ జరుగుతుంది. తిండి సరుకైతే నేను తొమ్మిది పది దగ్గరే ఆగి రెండు కొటేషన్లూ తీసుకుంటాను. కొంచెం ఎక్కువ పడినా ఫుల్ కంటైనర్‌కే వెళ్తాను, ఎందుకంటే మీరే నింపి మీరే సీల్ వేస్తారు, కస్టమ్స్ వాళ్ళు మధ్యలో తెరిస్తే తప్ప ఆ సీల్ తెగేది అవతలివాళ్ళ దగ్గరే. ఐదు లోపైతే ఎల్‌సీఎలే, వేరే మాట లేదు. ఐదుకీ తొమ్మిదికీ మధ్య ఉన్నవాళ్ళే ఇరుక్కుపోతారు. వాళ్ళకి నా సలహా: ఆర్డర్లు కలిపి రెండు నెలలకోసారి పంపగలరేమో చూడండి, లేకపోతే అదే కొనుగోలుదారు ఇంకెవరి దగ్గరైనా తిండి సరుకే కొంటున్నాడేమో అడగండి. ఒకే దిగుమతిదారుకి వెళ్ళే నలుగురు సప్లయర్ల సరుకు ఒకే కంటైనర్‌లో నింపడాన్ని బయ్యర్స్ కన్సాలిడేషన్ అంటారు, పెద్ద స్టోర్లకి ఇది రోజూ చేసే పని, చిన్నవాళ్ళు అడగరు కాబట్టి ఫార్వర్డరూ చెప్పడు.

ఎల్‌సీఎలే తప్పదంటే విడి పెట్టెలు అసలు ఇవ్వకండి. పాలెట్ (ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తడానికి వీలైన చట్రం) మీద పేర్చి, మూలలకి అట్ట యాంగిల్స్ పెట్టి, స్ట్రెచ్ ఫిల్మ్ చుట్టి, పైన అట్టతో చేసిన కోన్ అతికించండి, ఎవరూ ఇంకొకటి పైన పెట్టకుండా. ఆహారం మాత్రమే కలిపే కన్సాలిడేషన్ ఆ రూట్లో ఉందా అని అడగండి. ఉంటే వారం ఆగైనా అందులోనే పంపండి.

ఇరవైయా, నలభైయా

ఫుల్ కంటైనర్ అనుకున్నాక సైజు తేల్చడం సులువు. ఇరవై అడుగులది సుమారు 33 క్యూబిక్ మీటర్లు, నలభై అడుగులది 67, నలభై హైక్యూబ్ 76 దాకా. ఇవి నీళ్ళు పోసి కొలిస్తే వచ్చే అంకెలు, పెట్టెలు పేరిస్తే ఎనభై తొంభై శాతమే పడుతుంది. కొత్తవాళ్ళు పొరబడేది బరువు దగ్గర. నలభై అడుగులది రెండింతలు పెద్దది కానీ రెండింతలు బరువు మోయదు. రెండింటికీ మొత్తం బరువు పరిమితి 30 టన్నుల చుట్టుపక్కలే ఉంటుంది, రోడ్డు మీద లారీకి ఉన్న పరిమితి చాలా దేశాల్లో అంతకంటే తక్కువ. కాబట్టి డబ్బాలు, సీసాలు, నూనెలు, తేనె లాంటి బరువు సరుక్కి ఇరవై. చిప్స్, నూడుల్స్, సీరియల్స్ లాంటి తేలిక సరుక్కి హైక్యూబ్. మామూలు నలభై ఎందుకు తీసుకోవాలో నాకెప్పుడూ అర్థం కాలేదు, హైక్యూబ్ చార్జీ చాలా రూట్లలో దాదాపు అంతే ఉంటుంది.

నింపిన కంటైనర్ బరువు తూచి వీజీఎం (సరిచూసిన మొత్తం బరువు) ఇవ్వకపోతే ఓడ ఎక్కించరు, 2016 జులై 1 నుంచి ఇది అంతర్జాతీయ నియమం. కార్టన్ మీద రాసిన బరువుల్ని ఉజ్జాయింపుగా కూడి రాసేయకండి, పాలెట్లూ చుట్టిన ప్లాస్టిక్కూ కూడా బరువే.

మామూలు కంటైనరా, రీఫరా (చల్లబరిచే కంటైనరా), ఆగిపోయిన రీఫరా

చెమ్మ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎక్కువమంది దెబ్బతినేది దీని దగ్గరే. పగలు పైకప్పు కాగుతుంది, లోపలి గాలి వేడెక్కి అట్టపెట్టెల్లో, చెక్క పాలెట్లలో ఉన్న తేమని పీల్చుకుంటుంది. రాత్రి రేకు చల్లబడగానే ఆ తేమ పైకప్పుకి చుక్కలుగా పట్టి కింద సరుకు మీద కురుస్తుంది. కంటైనర్ వాన అంటారు దీన్ని. ఒక్క చిల్లు లేకపోయినా కురుస్తుంది. వేడి ప్రాంతంలో వానాకాలంలో నింపి చలి దేశానికి పంపేవాళ్ళకి ఇది తప్పనిసరి గండం. తిరగేసి చూస్తే, చల్లటి చోటు నుంచి వేడి చోటుకి వచ్చిన డబ్బాల కంటైనర్ తలుపు తెరవగానే బయటి వేడిగాలి తగిలి డబ్బాల ఒంటికే చెమట పడుతుంది, అది తుడవకుండా గోడౌన్‌లో పేరిస్తే నెలలో తుప్పు.

తడిసిన అట్టకి బలం ఉండదు. గాలిలో తేమ బాగా ఎక్కువైతే కార్టన్ మోయగలిగే బరువు సగానికి పడిపోవచ్చు. ఫ్యాక్టరీలో ఎనిమిది వరసలు నిలబడ్డ పెట్టె ఓడలో కింద వరస నుంచి కూలడం మొదలవుతుంది. అందుకని పాలెట్ చెక్క బాగా ఆరినది కావాలి, తేమ 20 శాతం దాటకూడదు. వాన పడుతుంటే లోడింగ్ ఆపేయండి, ఓడ తప్పిపోతే వచ్చే వారం ఇంకోటుంది. తేమ పీల్చే సంచుల్లో సిలికా జెల్ కంటే కాల్షియం క్లోరైడ్‌వే కంటైనర్‌కి పనికొస్తాయి, తమ బరువుకి మించి నీళ్ళు పట్టుకుంటాయి. కాకపోతే పట్టుకున్నది కారకుండా జెల్‌గా మార్చే రకమే తీసుకోండి, లేకపోతే ఉప్పునీళ్ళు కారి కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టవుతుంది. ఎన్ని వేలాడదీయాలో ప్రయాణం ఎన్ని రోజులో చెప్పి అమ్మేవాళ్ళని అడగండి, సగం ఖాళీగా ఉన్న కంటైనర్ కదా అని తగ్గించకండి.

వేడి వేరే సమస్య. ఎండలో నిలబెట్టిన మామూలు కంటైనర్‌లో పైకప్పు దగ్గర 50 డిగ్రీలు దాటడం మామూలే. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. కాబట్టి చాక్లెట్ పూత ఉన్న ఏ సరుకైనా రీఫర్‌లోనే, 15 నుంచి 18 డిగ్రీల మధ్య పెట్టి పంపాలి. చార్జీ చూసి గుండె ఝల్లుమంటుంది, అయినా అంతే. నూనెలో వేయించినవి కరగవు కానీ వేడికి త్వరగా ముక్కవాసన వస్తాయి, వాటికి మామూలు కంటైనర్‌లోనే వేడిని తిప్పికొట్టే వెండిరంగు లైనర్ వేయిస్తే చాలావరకు సరిపోతుంది. పాస్తాకీ ఉప్పుకీ పంచదారకీ రీఫర్ శుద్ధ దండగ.

ఈ రెండింటికీ మధ్య ఒకటుంది, చాలామందికి తెలియదు. కొన్ని రూట్లలో రీఫర్ కంటైనర్లు ఖాళీగా తిరిగి వెళ్ళాలి, అలా వెళ్ళే బదులు మిషన్ ఆపేసి మామూలు సరుక్కి తక్కువ రేటుకి ఇస్తారు, ఎన్‌ఓఆర్ అంటారు. గోడలు మందంగా ఉంటాయి కాబట్టి పగలు రాత్రి తేడా సరుక్కి అంతగా తగలదు. లోపల చోటు కొంచెం తక్కువ, పైన ఎర్రగీత దాకానే నింపాలి, అన్ని రోజులూ దొరకదు. మీ రూట్లో ఉంటే మాత్రం డబ్బాలకీ సీసాలకీ దీనికి మించిన బేరం లేదని నా అభిప్రాయం.

కంటైనర్ ఏదైనా, నింపే ముందు లోపలికి వెళ్ళి తలుపులు మూయించి చూడండి. ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తే అది చిల్లు. ముక్కుతో కూడా చూడండి. పాత సరుకు వాసనో, నేల మీద మరకో ఉంటే వెనక్కి పంపించేయండి, లారీవాడు గొణిగినా సరే.

పాలెట్లా, నేల మీద నుంచి పేర్చడమా

1.2 బై 1 మీటరు పాలెట్లు ఇరవై అడుగుల కంటైనర్‌లో పది పడతాయి, నలభైలో ఇరవై ఇరవై ఒకటి. పాలెట్లు వదిలేసి నేల మీద నుంచి పేరిస్తే గణనీయంగా ఎక్కువ పెట్టెలు పడతాయి. కాకపోతే అవతల దింపడానికి కూలీలు, గంటల కొద్దీ సమయం కావాలి, మనుషుల కూలి ఎక్కువున్న దేశాల్లో మీరు మిగిల్చింది వాళ్ళకి ఖర్చు. కొనేవాళ్ళనే అడిగి తేల్చుకోండి. చెక్క పాలెట్ వాడితే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలినట్టో, మందు పొగ పెట్టినట్టో గుర్తు. ముద్ర లేని ఒక్క పాలెట్ వల్ల కంటైనర్ మొత్తం వెనక్కి వచ్చిన సందర్భాలున్నాయి. ప్లాస్టిక్‌కీ ప్లైవుడ్‌కీ ఆ గొడవ లేదు. పేర్చేటప్పుడు పెట్టె మీద పెట్టె నిలువుగా, మూల మీద మూల రావాలి. ఇటుకల గోడలా అడ్డదిడ్డంగా పేరిస్తే కదలదు నిజమే కానీ అట్టపెట్టె బలమంతా మూలల్లోనే ఉంటుంది, ఆ బలం పోతుంది. పాలెట్ అంచు దాటి అంగుళం బయటికి వచ్చినా అంతే.

ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్, డీడీపీ

ఖర్చు ఎక్కడిదాకా ఎవరిది, బాధ్యత ఎవరిది అని తేల్చే అమ్మకపు షరతులు ఇవి, ఇన్‌కోటర్మ్స్ అంటారు. కొత్తగా అమ్మేవాళ్ళని కొనుగోలుదారులు డీడీపీ అడుగుతారు, అంటే వాళ్ళ గుమ్మం దాకా సుంకాలతో సహా అన్నీ మీవే. తిండి సరుకులో ఒప్పుకోకండి. ఆహారం దిగుమతి చేసుకునేవాళ్ళకి ఆ దేశంలో రిజిస్ట్రేషన్, బాధ్యత ఉంటాయి. సరుకుని ల్యాబ్ టెస్టుకి ఆపితే దగ్గరుండి చూసుకునే మనిషి అక్కడ కావాలి, మీరిక్కడ కూర్చుని చేయలేరు. ఫార్వర్డర్‌తో పరిచయం ఉన్న కొనుగోలుదారైతే ఎఫ్‌సీఏ (వాళ్ళు చెప్పిన రవాణాదారుకి అప్పగిస్తే మీ పని అయిపోయినట్టే), కొత్తవాడైతే ధర చెప్పేందుకు సీఐపీ (అవతలిదాకా రవాణా, ఇన్సూరెన్స్ ఖర్చు మీదే). అందరూ ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేదాకా ఖర్చు మీది), సీఐఎఫ్ (ఓడ చార్జీ, ఇన్సూరెన్స్ కూడా మీవే) అనే అంటారు, కానీ కంటైనర్‌ని మీరు పోర్టు యార్డులో అప్పగించేస్తారు కదా, ఓడ ఎక్కేదాకా బాధ్యత మీ నెత్తిన ఉంచే ఆ రెండూ కంటైనర్ సరుక్కి సరిగ్గా అతకవు. ఇన్సూరెన్స్‌లోనూ తేడా ఉంది. ఇన్‌కోటర్మ్స్ 2020 ప్రకారం సీఐఎఫ్‌లో అమ్మేవాడు కనీస స్థాయి క్లాజ్ సీ తీసుకుంటే చాలు, సీఐపీలో విస్తృతమైన క్లాజ్ ఏ తీసుకోవాలి. క్లాజ్ సీలో దొంగతనం రాదు, మామూలుగా తడిసిపోవడం రాదు. తిండి సరుక్కి అది ఉన్నా లేనట్టే.

క్లాజ్ ఏ తీసుకున్నా ఆలస్యం వల్ల వచ్చే నష్టం రాదు, మీ ప్యాకింగ్ సరిగ్గా లేకపోతే రాదు. అందుకే రూటు ఎంచుకునేటప్పుడు రోజులు లెక్కేయండి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక ఆసియా నుంచి యూరప్ వెళ్ళే చాలా ఓడలు సూయెజ్ మానేసి ఆఫ్రికా చుట్టూ తిరగడంతో పది రోజుల పైన అదనంగా పట్టింది, గడువు తక్కువున్న సరుక్కి ఆ పది రోజులే లాభమంతా. పెద్ద స్టోర్లు చాలావరకు సరుకు చేరేనాటికి మూడింట రెండు వంతుల గడువు మిగిలి ఉండాలంటాయి. తొమ్మిది నెలల గడువుంటే తయారీ నుంచి చేరేదాకా మీకున్నది మూడు నెలలు, అందులో ఫ్యాక్టరీలో, పోర్టులో, కస్టమ్స్‌లో గడిచేవన్నీ కలిపే. ఏడాదికి తక్కువ గడువుంటే మధ్యలో ఓడ మారని రూటుకే కొంచెం ఎక్కువ పెట్టండి. ఏడాదిన్నర, రెండేళ్ళ డబ్బాలకి చవక రూటే మేలు. అవతలి పోర్టులో ఫ్రీ డేస్ (అదనపు చార్జీ లేకుండా కంటైనర్ ఉంచుకునే రోజులు) ఎన్నో కూడా ముందే బేరమాడండి, టెస్టుకి ఆపితే వారం ఇట్టే గడిచిపోయి డెమరేజ్ (ఆలస్య చార్జీ) రోజువారీగా ఎక్కుతుంది.

లేబుల్ విషయంలో ఒక్క ఉదాహరణ చాలు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని ప్రధాన అలర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా చేర్చారు, పాత లేబుళ్ళతో కొత్త బ్యాచ్ పంపితే అక్కడ ఇరుక్కున్నట్టే. అదే దేశానికి ఓడ చేరడానికి కనీసం 8 గంటల ముందే ఆహారం వస్తోందని ఎఫ్‌డీఏకి (అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) ముందస్తు సమాచారం కూడా అందాలి. డిజైన్ ప్రింటుకి వెళ్ళకముందే దిగుమతిదారు చేత లేబుల్ మీద సరేనని రాయించుకోండి.

ఇన్సూరెన్స్ వద్దు, మనది చిన్న లోడే అనేవాళ్ళకి 2021 మార్చిలో సూయెజ్‌లో అడ్డం తిరిగి ఇరుక్కున్న ఎవర్ గివెన్ ఓడని గుర్తుచేస్తాను. ఆ తర్వాత ఓడ యజమానులు జనరల్ యావరేజ్ ప్రకటించారు. అంటే ఓడని కాపాడడానికైన ఖర్చులో అందులో సరుకున్న ప్రతివాళ్ళూ తమ వాటా భరించాలి, అందుకు హామీ ఇచ్చేదాకా సరుకు ఇవ్వరు, మీ పెట్టెలకి గీత పడకపోయినా సరే. ఇన్సూరెన్స్ ఉంటే ఆ హామీ కంపెనీ ఇస్తుంది, లేకపోతే డిపాజిట్ మీరే కట్టాలి.

ఇంకోటి, ఇది దిగుమతిదారుకి ముందే మెయిల్ పెట్టండి: సరుకు అందగానే తెరిచి చూడమని, సీల్ నంబరు, తలుపు తెరిచిన క్షణం, పైవరస, కిందివరస ఫోటోలు తీయమని. బయటికి కనిపించని నష్టమైతే డెలివరీ అయిన మూడు రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పకపోతే, సరుకు బాగానే అందిందని ఓడ కంపెనీ వాదించే వీలు ఓడ రవాణా బాధ్యతల మీద ఉన్న అంతర్జాతీయ హేగ్ విస్బీ నిబంధనలే ఇస్తున్నాయి. నా మెత్తబడిన పెట్టెల ఫోటోలు వచ్చింది పదకొండో రోజున.